ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్ సెట్ చేసుకోవడం ఎలా?

ట్రిగ్గర్ బాగాలేదనగానే అందరూ ముందు పట్టుకునేది బరువు పేచునే, అంటే ట్రిగ్గర్ ఎంత ఒత్తిడికి తెగాలో (షాట్ పేలాలో) మార్చే స్క్రూనే. నల్గొండలోనైనా, పాలమూరులోనైనా, కొత్తగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్న పిల్లల రైఫిళ్లలో కనిపించే తప్పు ఇదే. ఊదితే తెగేంత తేలిక చేసి పెట్టుకుంటారు, వేలికి అడ్డు ఎక్కడ తగులుతుందో మాత్రం తెలియదు. టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క అడ్డకొలత 0.5 మిల్లీమీటర్లు. అంత చిన్న చుక్కకు కొట్టాలంటే ట్రిగ్గర్ ప్రతిసారీ ఒకే చోట ఆగాలి, ఒకే ఒత్తిడికి తెగాలి. అట్ల పనిచేసే 120 గ్రాముల ట్రిగ్గర్ ముందు, రోజుకో తీరుగా తెగే 50 గ్రాముల ట్రిగ్గర్ ఎందుకూ పనికిరాదు. అందుకే బరువు పేచు చివరికి రావాలి. ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుంది.

ముందు మీ రైఫిల్ ఏ రకమో చూసుకోండి. ఇక్కడ చెప్పేదంతా గాలి సిలిండర్ ఉన్న మ్యాచ్ రైఫిల్ గురించి, అంటే రెండు స్టేజీల (ముందు వదులుగా కదిలి, అడ్డు తగిలాక తెగే) మెకానికల్ ట్రిగ్గర్ ఉన్నదాని గురించి. బ్యారెల్ వంచి కాక్ చేసే (పేల్చడానికి సిద్ధం చేసే) స్ప్రింగ్ ఎయిర్‌గన్‌కు ఇది పనికిరాదు. ట్రిగ్గర్ నొక్కేదాకా లోపల ఆపి పట్టుకునే కొక్కెం లాంటి ముక్కను సియర్ అంటారు. సిలిండర్ రైఫిల్‌లో అది ఆపి పట్టుకునేది గాలి వాల్వును కొట్టే చిన్న హ్యామర్‌ను మాత్రమే. స్ప్రింగ్ గన్‌లో పెద్ద స్ప్రింగ్ బలమంతా ట్రిగ్గర్ లోపలి భాగాల మీదే ఉంటుంది. అక్కడ సియర్ పట్టు తగ్గిస్తే బ్యారెల్ వంచి పెట్టి ఉండగానే తెగవచ్చు. బ్యారెల్ ఎగిరొచ్చి మూసుకుంటే వేళ్లు నుజ్జవుతాయి. దాన్ని ఖాళీగా పేల్చి పరీక్షించడం కూడా తప్పే. ముందు పెల్లెట్ లేకపోతే పిస్టన్ పోయి నేరుగా కొసకు గుద్దుకుంటుంది, సీల్ పాడవుతుంది. స్ప్రింగ్ గన్ ఉన్నవాళ్లు స్టాక్ (రైఫిల్ చెక్క భాగం) పేచులు బిగించుకొని, ట్రిగ్గర్ దగ్గరి దుమ్ము తుడుచుకుంటే చాలు.

కావలసినవి

రైఫిల్‌తో పాటు పెట్టెలో వచ్చిన అలెన్ కీలు, సన్న మూతి పేచ్‌కస్, మాన్యువల్, నోట్‌బుక్, పెన్సిల్, గోళ్ల రంగు, మందుల షాపులో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజి, మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసా, ఒక సైకిల్ పుల్ల. బయట కొన్న అలెన్ కీలు వాడకండి. కొలత ఇసుమంత తేడా ఉన్నా చిన్న పేచు గాడి అరిగిపోతుంది. గాడి పోయిన పేచును బయటికి తీయడం మామూలు పని కాదు.

సైకిల్ పుల్లను కొక్కెంలా వంచి సీసాకు కట్టండి. ఖాళీ సీసా, కొక్కెం కలిపి ఎన్ని గ్రాములో బంగారం దుకాణంలో తూకం వేయించుకోండి. కూరగాయల కాటా ఇంత చిన్న బరువుకు అక్కరకు రాదు. ఒక మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము, కాబట్టి సిరంజితో పోసిన నీళ్లే మీ తూకంరాళ్లు. వేలాడదీసి ట్రిగ్గర్‌ను కొలిచే చిన్న స్ప్రింగ్ కాటాలు దొరుకుతాయి గానీ, 100 గ్రాముల దగ్గర వాటి ముల్లు నిలకడగా ఉండదు. పోటీల్లో అధికారులు పిస్టల్ ట్రిగ్గర్లు పరీక్షించేది కూడా బరువు వేలాడదీసే.

మొదలుపెట్టే ముందు

పెల్లెట్ లేదని కళ్లతో చూడండి. సిలిండర్ విప్పి పక్కన పెట్టండి. విప్పినా బ్యారెల్ వెనక కొంత గాలి మిగిలి ఉంటుంది. రైఫిల్ మూతిని గోడ వైపు పెట్టి, పెల్లెట్ లేకుండా ఒకటి రెండుసార్లు కాల్చి ఆ గాలి పోగొట్టాలి. ఆ తర్వాత డ్రై ఫైర్ మోడ్‌లో (గాలి, పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసేలా) పెట్టుకోండి. మూతి గోడ వైపే ఉండాలి, పిల్లలు ఆ గదిలో ఉండొద్దు.

ఏ పేచునూ ముట్టకముందే దాని గాడి ఎటు చూస్తుందో నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకోండి. తర్వాత పేచును లోపలికి బిగిస్తూ, ఆగేవరకు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, అన్నే చుట్లు వెనక్కి తిప్పండి. ఆగిన చోట బలం పెట్టొద్దు. "లోపలికి రెండు చుట్లు, పావు" అని రాసి ఉంటే, ఎంత ఆగమాగమైనా మొదటికి తిరిగి రావచ్చు. ఇది రాసుకోకుండా పేచ్‌కస్ పట్టుకునేవాళ్లే తర్వాత రైఫిల్ మోసుకొని హైదరాబాద్ పరుగెత్తేది. ఏ పేచు ఏ పని చేస్తుందో, ఎటు తిప్పితే పెరుగుతుందో ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. దానికి మాన్యువల్ చూడాలి, పక్కవాడి రైఫిల్ చూసి తిప్పొద్దు.

ట్రిగ్గర్ బ్లేడు

మొట్టమొదట బ్లేడు స్థానం. పిడి పట్టుకొని కళ్లు మూసుకొని వేలు పెట్టండి. చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం బ్లేడు మీద ఆనాలి, వేలు రెండో కణుపు దగ్గర లంబకోణంలో వంగి ఉండాలి. వేలి పక్క స్టాక్ చెక్కకు తగలకూడదు. తగిలితే నొక్కిన ప్రతిసారీ రైఫిల్ పక్కకు కదులుతుంది. బ్లేడును ముందుకో వెనక్కో జరిపి, ఒరగదీసి బిగించండి.

బరువు కంటే ముందు ఇది ఎందుకంటే, ట్రిగ్గర్ ఒక మీట. వేలు ఇరుసుకు దూరంగా, కింద ఆనితే అదే ట్రిగ్గర్ తేలికనిపిస్తుంది, పైన ఆనితే బరువనిపిస్తుంది. బరువు సెట్ చేశాక బ్లేడు జరిపితే ఆ అంకె చెల్లదు.

ఫస్ట్ స్టేజ్

బ్లేడు వదులుగా కదిలి అడ్డు తగిలేదాకా జరిగేది ఫస్ట్ స్టేజ్. 3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. అంతకంటే తక్కువైతే వేలికి సోయి ఉండదు, ఎక్కువైతే వేలి కోణం మారిపోతుంది. కొందరు ఫస్ట్ స్టేజ్ మొత్తం తీసేసి ఒకే స్టేజీగా వాడుకుంటారు. నేర్చుకునేవాళ్లకు అది పూర్తిగా తప్పు. గుండె దడదడలాడే ఫైనల్‌లో వేలు ఎక్కడ ఆగాలో చెప్పేది ఆ మొదటి కదలికే.

అసలు కష్టం: అడ్డు దొరికించడం

ఇక్కడ తొందర పనికిరాదు. ఒక సాయంత్రమంతా దీనికే పెట్టుకోండి.

లోపల జరిగేది ఇది. మీరు ఫస్ట్ స్టేజ్ నొక్కుతున్నప్పుడే సియర్ తన పట్టులోంచి కొంత జారుతుంది. కొంత దూరం జారాక రెండో మీట తగులుతుంది, వేలికి తెలిసే అడ్డు అదే. అడ్డు తగిలాక మిగిలిన ఆ కొద్ది పట్టును తెంపేది సెకండ్ స్టేజ్. మిగిలిన పట్టు ఎక్కువుంటే అడ్డు దాటాక కూడా ట్రిగ్గర్ గరగరా ఈడ్చుకుంటూ పోతుంది. దాన్నే క్రీప్ అంటారు. మిగిలిన పట్టు మరీ తక్కువైతే అడ్డు తగలకముందే, ఫస్ట్ స్టేజ్‌లోనే తెగిపోతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నటి చోటును పట్టుకోవడమే మొత్తం పని.

సియర్ పట్టు పేచును ఒకసారికి ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే తిప్పండి. గడియారం ముల్లు 12 నుంచి ఒకటిన్నరకు పోయినంత. పావు చుట్టు కూడా ఎక్కువే. తిప్పిన ప్రతిసారీ డ్రై ఫైర్‌కు కాక్ చేసి, కళ్లు మూసుకొని, అయిదు లెక్కపెట్టేంత నిదానంగా నొక్కండి. వేగంగా నొక్కితే క్రీప్ తెలియదు. ఒక్కో స్థానంలో మూడుసార్లు నొక్కి, ఏం తెలిసిందో రాయండి: "ఈడ్చింది", "కొంచెం ఈడ్చింది", "కదలకుండా తెగింది".

క్రీప్ తగ్గేవైపు పోతూ ఉంటే ఒక చోట సన్నటి గాజుపుల్ల విరిగినట్టు తెగుతుంది. అందరూ అక్కడే ఆగిపోతారు. ఆగొద్దు. ఆ చోటు అంచుకు ఎంత దగ్గరుందో ఇంకా తెలియదు. ఎనిమిదో వంతు చొప్పున ఇంకా ముందుకు పోండి, అడ్డు పూర్తిగా మాయమై ఫస్ట్ స్టేజ్‌లోనే తెగే దాకా. అది అంచు. నోట్‌బుక్‌లో గుర్తు పెట్టుకొని అక్కడినుంచి పావు చుట్టు వెనక్కి రండి. అడ్డు మళ్లీ స్పష్టంగా తగలాలి. తగిలీ తగలనట్టుంటే ఇంకో ఎనిమిదో వంతు వెనక్కి. కొంచెం క్రీప్ మిగిలినా పరవాలేదు, అంచు మీద మాత్రం రైఫిల్‌ను ఎప్పుడూ వదలొద్దు. ఇవాళ అంచు మీద బాగున్న ట్రిగ్గర్, సియర్ ఇసుమంత అరిగినా, ఒక దుమ్ము రేణువు చేరినా, మీరు అనుకోకముందే తెగుతుంది.

ఇప్పుడు పరీక్షలు. ఒక్కటి కూడా వదలొద్దు. డ్రై ఫైర్‌కు కాక్ చేసి, వేలు దూరంగా పెట్టి, స్టాక్ రెండు పక్కలా అరచేత్తో గట్టిగా పదిసార్లు తట్టండి. బట్ (భుజానికి ఆనించే వెనక కొస) కింద మందపాటి రబ్బరు పరిచి, నాలుగు వేళ్ల ఎత్తునుంచి పదిసార్లు దించండి. కాకింగ్ లివర్‌ను మామూలుకంటే గట్టిగా పదిసార్లు మూయండి. ఆఖరుది అన్నిటికంటే ముఖ్యం. అడ్డు దాకా నొక్కి పది లెక్కపెట్టేదాకా ఆపండి, వేలు పూర్తిగా తీసేయండి, మళ్లీ నొక్కండి. ఇట్ల ఇరవైసార్లు. గురి కుదరక షాట్ వదులుకున్నప్పుడు మీరు చేసేది సరిగ్గా ఇదే. ప్రతిసారీ బ్లేడు మొదటి చోటికి తిరిగి రావాలి, అడ్డు అదే చోట తగలాలి. ఏ పరీక్షలోనైనా ఒక్కసారి తనంతట తానుగా తెగినా, సియర్ పట్టు ఎనిమిదో వంతు పెంచి, పరీక్షలన్నీ మొదటినుంచి చేయాలి. "ఒక్కసారే కదా" అని వదిలేస్తే, ఆ ఒక్కసారి రేంజ్‌లో పెల్లెట్ ఉన్నప్పుడు వస్తుంది.

పేచుతో క్రీప్ పోకపోతే కొందరు సియర్‌ను నూనెరాయి మీద రుద్దుతారు. ముట్టుకోవద్దు. గట్టిపరిచిన ఉక్కు ముఖం కోణం ఒక్క రవ్వ మారినా పట్టు నిలవదు, పైన గట్టిదనం పలచగా ఉంటే అది కూడా పోతుంది. స్ప్రింగ్ చుట్లు కత్తిరించడమూ అంతే. పేచులతో కుదరనిది కంపెనీ సర్వీసుకు పోవాల్సిందే.

బరువు

రైఫిల్‌ను మూతి పైకి నిలబెట్టి, డ్రై ఫైర్‌కు కాక్ చేసి, వేలు ఆనే చోటే బ్లేడుకు కొక్కెం తగిలించండి. సీసాను అరచేతిలో పట్టుకొని మెల్లగా బరువు వదలండి, ఒక్కసారి వదిలేస్తే ఊపుకు తెగి తప్పు అంకె చూపుతుంది. బ్లేడు అడ్డు దాకా వచ్చే బరువు ఫస్ట్ స్టేజ్, తెగే బరువు మొత్తం. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు కనీసం 500 గ్రాములు ఉండాలని నియమం ఉంది. ఎయిర్ రైఫిల్‌కు కనీస బరువు లేదు, అందుకే అందరూ తగ్గిస్తూ పోతారు.

మొదటి ఏడాదివాళ్లకు మొత్తం 150 గ్రాములు, అందులో ఫస్ట్ స్టేజ్ 100. తర్వాత 110కి దించి, ఫస్ట్ స్టేజ్ 75 పెట్టుకోండి. మూడింట రెండు వంతులు ఫస్ట్ స్టేజ్‌లోనే ఉండాలి. అడ్డు దగ్గరికి వచ్చేసరికి వేలు పని చాలావరకు చేసేసి ఉంటుంది, మిగిలింది కొద్దిగా ఒత్తడమే. బరువు పేచులు తిప్పాక అడ్డు కొంచెం జరగవచ్చు, కాబట్టి పై పరీక్షలు ఇంకోసారి చేయండి.

ట్రిగ్గర్ స్టాప్

తెగిన తర్వాత బ్లేడు ఇంకా వెనక్కి పోకుండా ఆపే పేచు ఇది. ట్రిగ్గర్ తెగకుండా అడ్డుకునే దాకా లోపలికి బిగించి, మళ్లీ తెగే దాకా వెనక్కి తిప్పి, అక్కడినుంచి ఇంకో అర చుట్టు వదులు చేయండి. మరీ దగ్గర పెడితే సియర్ పూర్తిగా తప్పుకోక రాపిడి పడుతుంది.

నూనె, దుమ్ము, ఎండ

ట్రిగ్గర్ లోపల కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె ఏదీ పోయొద్దు. పాలమూరు ఎర్రమట్టి దుమ్మైనా, మిర్యాలగూడ రైసుమిల్లుల ఊక దుమ్మైనా నూనెకు అంటుకొని గరుకు ముద్దవుతుంది. క్రీప్ అని అనుకునేది చాలాసార్లు ఆ ముద్దే. మెత్తటి బ్రష్‌తో దులపండి, అంతే. మే నెలలో కారు డిక్కీలో వదిలేసిన రైఫిల్‌ను తీయగానే సెట్ చేయొద్దు. నీడన గంటసేపు పెట్టి, చేతికి చల్లగా తగిలాక మొదలుపెట్టండి. సిలిండర్‌నైతే ఎండలో అసలే వదలొద్దు.

అంతా కుదిరాక ప్రతి పేచు తల నుంచి పక్క లోహం మీదికి గోళ్ల రంగుతో సన్నటి గీత గీయండి. ఫెవిక్విక్ పోయొద్దు, తర్వాత పేచు కదలదు. సిలిండర్ బిగించి, రేంజ్‌లో 300 షాట్లు కొట్టేదాకా ఏ పేచూ ముట్టొద్దు. కొత్త ట్రిగ్గర్‌కు వేలు అలవాటు పడకముందే మారుస్తూ పోతే ఏది తప్పో ఎప్పటికీ తేలదు. నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో హైదరాబాద్‌లోని గచ్చిబౌలి రేంజ్‌కు సుమారు 100 కిలోమీటర్లు బస్సులో కుదుపుకుంటూ పోయాక, పెట్టె తెరవగానే ముందు ఆ గీతలు చూడండి. గీత విరిగి ఉంటే పేచు కదిలిందన్నమాట. నోట్‌బుక్ తీసి, గీతలు కలిసేలా తిప్పి, తట్టి చూసే పరీక్ష, అడ్డు దగ్గర ఆపి చూసే పరీక్ష చేశాకే పెల్లెట్ పెట్టండి.