మందిరంలో లైవ్ పెడుతున్నారా? ముందు ఎవరి కోసమో తేల్చుకోండి

మా చర్చి సంఘంలో ఆదివారం ఆరాధన లైవ్ కోసం ఉదయం ఫోన్ స్టాండుకి బిగించేది నేనే. 2020 మార్చి లాక్‌డౌన్‌లో మొదలైన పని ఇది. జూన్ 8 నుంచి ప్రార్థన స్థలాలు తెరుచుకోవచ్చన్నాక కూడా ఆపలేదు. ఇప్పుడు నడవగలిగినవాళ్లు కూడా ఇంట్లో కూర్చుని కామెంట్లో ఒక 'ఆమెన్' పెట్టి సరిపెడుతున్నారు. అలాగని లైవ్ తీసేయకండి. అది ఎవరికి కావాలో పేర్లు రాసుకోండి.

మంచాన పడ్డవాళ్లు, బాలింతలు, డ్యూటీలో ఉండే నర్సులు ఎలాగూ ఉంటారు. మనం మరిచిపోయేది కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన అక్కచెల్లెళ్లని. అక్కడ తెలుగువాళ్లు శుక్రవారం కూడుకుంటారు, కానీ మేడమ్ గడప దాటనివ్వని అమ్మాయికి అదీ లేదు. మనకు పది గంటలంటే అక్కడ ఏడున్నర, పైగా ఆదివారం పనిరోజు. ఆమె లైవ్ ఎక్కడ చూస్తుంది? అందుకని రికార్డింగ్ ఉంచండి. వాక్యం, అంటే ప్రసంగం వరకు ఆడియో విడిగా తీసి వాట్సాప్‌లో పంపితే రాత్రి పడుకునే ముందు వింటుంది. పేరుకొక మనిషిని అప్పగించి, వారానికోసారి ఫోన్ చేసి ఆమెతో కలిసి ప్రార్థన చేయించండి. వీడియో చేయలేనిది అదే.

ఫోన్‌తో యూట్యూబ్ లైవ్ పెట్టాలంటే ఛానెల్‌కి కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. మొదటిసారి అనుమతికి ఒక రోజు దాకా పట్టొచ్చు, శుక్రవారమే చూసుకోండి. ఫోన్ వెనక బెంచీల దగ్గర పెడితే ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు) మోత తప్ప ఏమీ వినపడదు. ముందు పక్కగా పెట్టి, పాస్టరు అయ్యగారికి కాలర్ మైకు ఇవ్వండి. లింకు 'అన్‌లిస్టెడ్'లో ఉంచి గ్రూపులోనే పంపండి. సాక్ష్యాలు, ప్రార్థన మనవులు వచ్చేసరికి ఆపేయండి. ఫలానా అమ్మాయికి సంబంధం కుదరాలి, ఫలానా ఆయన కిడ్నీలు బాగవ్వాలి అన్నవి గదిలో చెప్పుకునే మాటలు, ఊరందరికీ కాదు.

ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే దగ్గరా ఆపండి. లాక్‌డౌన్‌లో టీవీ ముందు రొట్టె, ద్రాక్షరసం పెట్టుకున్నవాళ్లతో నేను వాదించను, అప్పుడు వేరే దారి లేదు. కానీ కొరింథు సంఘంలో ఇదే బల్ల దగ్గర కొందరు ముందే తినేసి పేదవాళ్లను ఆకలితో ఉంచినందుకే కదా పౌలు 'ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి', అంటే ఒకరి కోసం ఒకరు ఆగండి, అని రాసింది. ఒక్కరే గ్లాసు పట్టుకుని కూర్చుంటే ఎవరి కోసం కనిపెట్టాలి? అదే మధ్యాహ్నం పెద్దలు ఇద్దరు రొట్టె తీసుకుని రోగుల ఇళ్లకు వెళ్లాలి. రోగికి నూనె రాసి ప్రార్థించమని బైబిల్లో యాకోబు చెప్పిందీ చెయ్యి ఆనితేనే జరుగుతుంది.

ఇక రాగలిగీ రానివాళ్లు. కూడుకోవడం మానొద్దనే బైబిల్ వచనం, హెబ్రీ 10:25, గ్రూపులో ఫార్వర్డ్ చేయకండి, వాళ్లకది కంఠతా వచ్చు. ఇంటికెళ్లి ఎందుకు రావట్లేదో అడగండి. సండే స్కూలు పిల్లల్ని చూసుకోవడమో, ప్రేమవిందులో వడ్డనో ఏదో ఒక పని అప్పగించండి. పని ఉంటే వస్తారు. షుగర్ ఉన్న పెద్దావిడలను అడిగితే తరచూ ఒకటే సమాధానం: మందిరం దగ్గర బాత్రూం లేదు, మూడు గంటలు ఎలా కూర్చోను? యవ్వనస్తులు రెండో కెమెరాకి చందా వేద్దామంటే, ఆ డబ్బు ముందు బాత్రూంకి, మెట్ల పక్కన పట్టుకునే కడ్డీకి పెట్టించండి.