జీఎస్-4లో అంతర్జాతీయ నైతికత: తెలుగు మీడియంలో జవాబు కట్టే పద్ధతి

సివిల్స్ మెయిన్స్ జీఎస్-4 (ఎథిక్స్ పేపరు) సిలబస్‌లో ‘అంతర్జాతీయ సంబంధాలు, నిధుల విషయంలో నైతిక సమస్యలు’ అని ఒక్క ముక్క ఉంటుంది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ప్రిపేరయ్యే చాలామంది దీన్ని విడిగా చదవరు. జీఎస్-2 విదేశాంగ నోట్సుతో గట్టెక్కొచ్చనుకుంటారు. మార్కులు పోయేది అక్కడే. జీఎస్-2లో భారత్‌కు ఏం లాభమని అడుగుతారు. ఇక్కడ ఎవరు ఎవరికి ఏం బాకీ, ఆ బాకీ తీర్చకపోతే దెబ్బ ఎవరి మీద పడుతుందని అడుగుతారు. ఒప్పందాల పేర్లూ తేదీలూ ఎన్ని పేర్చినా ఈ ప్రశ్నకు జవాబు రాదు.

ముందు సమయం లెక్క. పేపరు 250 మార్కులు, మూడు గంటలు. 10 మార్కుల ప్రశ్నకు 150 పదాలు, ఏడు నిమిషాలు. 20 మార్కుల కేస్ స్టడీకి 250 పదాలు, పద్నాలుగు నిమిషాలు. తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి ఇంగ్లిష్‌లో 150 పదాలు పట్టే విషయం ఇంకా తక్కువలో ఇమిడిపోతుంది. పదాల సంఖ్య నింపాలని సాగదీయకండి.

మొదటి నిమిషం పెన్ను కదపొద్దు. మూడు సంగతులు తేల్చుకోండి: నష్టపోయేది ఎవరు, నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, ఢీకొంటున్న రెండు మంచి విషయాలు ఏవి. ‘రెండు మంచి విషయాలు’ అన్న మాట గమనించండి. మంచికీ చెడుకీ మధ్య పోరుగా రాస్తే అందులో సంకటమే ఉండదు, జవాబు నీతిబోధ అయిపోతుంది. ఈ ఆలోచనంతా బుర్రలోనే సాగాలి. జవాబు పుస్తకం మార్జిన్‌లో రాయకూడదు.

శరణార్థుల ప్రశ్న తీసుకుందాం. హైదరాబాద్ అభ్యర్థికి ఉదాహరణ కోసం జెనీవా దాకా వెళ్లే పని లేదు, బాలాపూర్‌లో మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాల బస్తీలు ఉన్నాయి. ఒకపక్క, ప్రాణభయంతో వచ్చినవాణ్ని తిరిగి ఆ ప్రమాదంలోకే తోయకూడదన్న సూత్రం. మరోపక్క, తన సరిహద్దు లోపలికి ఎవరు రావాలో తేల్చుకునే దేశపు హక్కు. 1951 శరణార్థుల ఒడంబడిక మీదా, 1967 ప్రోటోకాల్ మీదా భారత్ సంతకం చేయలేదు. అయినా 1971లో తూర్పు పాకిస్థాన్ నుంచి వచ్చిన దాదాపు కోటి మందికి ఆశ్రయమిచ్చింది. 1996లో అరుణాచల్‌ప్రదేశ్‌లో ఉంటున్న చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు, రాజ్యాంగం 21వ అధికరణం కల్పించే ప్రాణరక్షణ పౌరులు కానివారికీ వర్తిస్తుందని చెప్పింది. అదే కోర్టు 2021 ఏప్రిల్‌లో, రోహింగ్యాలను చట్టప్రకారం పంపేయడాన్ని ఆపేందుకు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. ఈ చివరిది వదిలేసి మొదటి రెండే రాసేవాళ్లు ఎక్కువ. తన వాదనకు అడ్డొచ్చే వాస్తవాన్ని దాచిన జవాబు ఎథిక్స్ పేపర్లో నిలబడదు.

ఆ తర్వాత నిర్ణయం రాయాలి. ‘మానవత్వం, భద్రత రెండూ ముఖ్యమే, సమతుల్యం పాటించాలి’ అంటే ఏమీ చెప్పనట్టే. ఇలా రాయండి: అందరి వివరాలూ వేలిముద్రలతో నమోదు చేయాలి, ఎవరి మీదైనా అనుమానం ఉంటే ఆ ఒక్కరి మీదే విచారణ జరగాలి, మొత్తం సమూహం మీద కాదు, హింస ఆగని చోటికి పంపకూడదు, పిల్లల చదువు ఆపకూడదు. వెంటనే దీనికయ్యే ఖర్చు కూడా చెప్పండి. నిఘాకు డబ్బవుతుంది, చుట్టుపక్కల కూలి రేట్ల మీద ఒత్తిడి పడుతుంది, ఆ భారం మోసేది పేద బస్తీలే కాబట్టి ప్రభుత్వ సాయం వాటికీ అందాలి. ఖర్చు ఒప్పుకున్న నిర్ణయానికే బరువుంటుంది.

సైనిక జోక్యం, ఆంక్షల ప్రశ్నలకు జంట ఉదాహరణలు దగ్గర పెట్టుకోండి. 1994లో రువాండాలో ఊచకోత మొదలయ్యాక ఐరాస తన శాంతిదళాన్ని పెంచాల్సింది పోయి కుదించింది. దాదాపు వంద రోజుల్లో లక్షల మంది చనిపోయారు. 2011లో లిబియా పౌరుల రక్షణ కోసమంటూ భద్రతా మండలి 1973వ తీర్మానం చేసింది. భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. నాటో బాంబుదాడులు లిబియా పాలకుడు గడాఫీ పతనం దాకా సాగాయి, దేశం చీలిపోయింది. ఒకటి చేతులు కట్టుకు కూర్చున్నందుకు చెల్లించిన మూల్యం, రెండోది జోక్యం చేసుకున్నందుకు చెల్లించినది. ఒక్కటే రాస్తే మీ తీర్పు ముందే ఖాయమైపోయినట్టు కనిపిస్తుంది. ఆంక్షలకైతే 2022 డిసెంబరు నాటి భద్రతా మండలి 2664వ తీర్మానం ఉంది. ఆంక్షల మధ్య కూడా సహాయ సంస్థల పని ఆగకూడదన్నది దాని సారం. 14 దేశాలు ఔనన్నాయి, భారత్ ఒక్కటే ఓటు వేయలేదు. నిషేధిత ఉగ్రవాద ముఠాలు ఆ మినహాయింపును వాడుకుంటాయన్నది మన అభ్యంతరం. ఆకలి వాదన, దుర్వినియోగం వాదన ఎదురెదురుగా నిలిచే ఇలాంటి ఉదాహరణ దొరకడం అరుదు.

టీకాల సంగతికి హైదరాబాద్‌లో టీకా కంపెనీలున్న జీనోమ్ వ్యాలీ ఉండనే ఉంది. 2021 జనవరిలో మొదలైన వ్యాక్సిన్ మైత్రి (ఇతర దేశాలకు మన కోవిడ్ టీకాలు పంపిన కార్యక్రమం) దగ్గరే ఆగిపోకండి. రెండో వేవ్‌లో ఎగుమతులు ఆగాయి, మన డోసుల మీద ఆధారపడ్డ దేశాలు ఎదురుచూశాయి. ‘మనవాళ్లకే ముందు’ అనడం ఎంతవరకు న్యాయమన్న అసలు ప్రశ్న ఆ రెండో సగంలోనే ఉంది.

నిధుల భాగానికి మూడు ప్రశ్నలు చాలు: షరతులు ఎవరు పెట్టారు, జనానికి తెలిపారా, చివరికి తీర్చేది ఎవరు. శ్రీలంక హంబన్‌టోట రేవును 2017లో చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకిచ్చారని రాసి ‘అప్పుల ఉచ్చు’ అని తేల్చేయొద్దు. ఆ లీజు సొమ్ముతో చైనా బాకీ రద్దు కాలేదు. శ్రీలంక విదేశీ అప్పులో మార్కెట్ బాండ్ల వాటా పెద్దది.

కేస్ స్టడీలో ఎక్కువమంది తడబడేది వరుస దగ్గర. మీరు గల్ఫ్ రాయబార కార్యాలయంలో అధికారి అనుకోండి. జగిత్యాల, నిజామాబాద్ కూలీల పాస్‌పోర్టులు యజమాని లాక్కున్నాడు, జీతాలు ఇవ్వడం లేదు. వాణిజ్య చర్చలు జరుగుతున్నాయి, ఇప్పుడు ఈ గొడవ ఎత్తొద్దని పైఅధికారి అన్నారు. ‘రాజీనామా చేస్తాను’, ‘మీడియాకు చెబుతాను’ అని మొదలుపెట్టకండి. ముందు వసతి, భోజనం. దానికి భారతీయ సముదాయ సంక్షేమ నిధి ఉంది. తర్వాత పాస్‌పోర్టు లేకున్నా ఇంటికి తిరిగి రావడానికి పనికొచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్లు. కూలీలు విమానం ఎక్కేలోపే జీతం బకాయిల లెక్క రాయించి, వారి తరఫున కేసు నడిపే అధికారపత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) తీసుకోవాలి. దేశం దాటాక ఆ డబ్బు రాబట్టడం చాలా కష్టం. ఈ ఒక్క అడుగు రాసినవారికి పని తెలుసని పరీక్షకుడికి అర్థమవుతుంది. పైఅధికారికి మీ అభిప్రాయం లిఖితపూర్వకంగా ఇవ్వండి. చర్చలు ఆపమనకండి, కార్మికుల అంశాన్ని వాటిలోనే చేర్చమనండి.

భాష విషయంలో ఒక వెసులుబాటు ఉంది. సాంకేతిక పదాల ఇంగ్లిష్ రూపం బ్రాకెట్లో రాయడానికి యూపీఎస్సీ అనుమతిస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రమే రాయండి. ‘తిప్పి పంపరాదనే సూత్రం’ వంటి పది, పదిహేను తెలుగు మాటలు ముందే స్థిరం చేసుకుని ప్రతి జవాబులో అవే వాడండి.

సాధనకు వారానికి ఒక గంట చాలు. పేపర్లోంచి ఒక వార్త తీసుకుని, ఇరుపక్షాల బలమైన వాదనలు ఐదేసి వాక్యాల్లో, మీ నిర్ణయం మూడు వాక్యాల్లో రాయండి. చిక్కడపల్లి లైబ్రరీలో పక్కన కూర్చున్నవారికి చదవమని ఇవ్వండి. చదివాక కాగితం తిరిగి తీసుకుని రెండే ప్రశ్నలు అడగండి: ఇందులో ఏం నిర్ణయించాను, దానివల్ల ఎవరు నష్టపోతారు? వారు తడుముకుంటే నిర్ణయం వాక్యాలు మళ్లీ రాయండి, మిగతాది ముట్టుకోకండి.