ఓడలో ఫార్మల్ నైట్: మగవాళ్లు ఏం వేసుకోవాలి? ఎలా సిద్ధం కావాలి?

"ఒరేయ్, కోటు లేకపోతే ఆ ఓడలో భోజనం పెట్టరటగా?"

మా బావగారు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది. రైల్వేలో చేసి రిటైరయ్యారు. సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు అమ్మానాన్నల కోసం నాలుగు రాత్రుల క్రూయిజ్ బుక్ చేశాడు. టికెట్‌తో వచ్చిన కాగితాల్లో రెండో రోజు 'ఫార్మల్ నైట్' అని ఉంది, అంటే ఆ రాత్రి భోజనానికి అందరూ పద్ధతిగా ముస్తాబై రావాలని. అంతే, ఆయనకి టెన్షన్ పట్టుకుంది. ఒడిశాలో గంజాం జిల్లా బరంపురంలో పుట్టి పెరిగిన మనిషి. దగ్గర్లోని గోపాల్‌పూర్ ఒడ్డున పంచె ఎగ్గట్టి ఇసుకలో నడవడమే ఆయనకి తెలిసిన సముద్రయానం.

2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ క్రూయిజ్ ఓడ విశాఖ రేవుకి వచ్చి వెళ్లినప్పటి నుంచి గంజాం జిల్లా తెలుగువాళ్ల ఇళ్లలో ఈ క్రూయిజ్ మాట తరచుగా వినపడుతోంది. నేను మా మావయ్య టైలరింగ్ షాపులో ఏళ్ల తరబడి కొలతలు తీసినవాణ్ణి, రెండుసార్లు ఓడ ఎక్కినవాణ్ణి. అందుకని బట్టల సంగతి నన్నే అడుగుతారు. అడిగేది మాత్రం మగవాళ్లే. ఆడవాళ్లకి ఈ బెంగ లేదు. పట్టుచీర కడితే ఏ దేశపు డిన్నర్‌లోనైనా ఫార్మలే.

1. ముందు మీ ఓడ నియమం చదవండి

అన్ని ఓడలకీ ఒకే పద్ధతి ఉండదు. క్యూనార్డ్ లాంటి పాత కంపెనీ ఓడల్లో ఫార్మల్ నైట్‌ని గాలా ఈవినింగ్ అంటారు. ఆ రాత్రి టక్సీడో (సిల్కు కాలరుండే నల్ల కోటు), డిన్నర్ జాకెట్, లేదా ముదురురంగు సూటు, మెడలో టై గానీ బౌ టై గానీ ఉండాలి. నార్వేజియన్ కంపెనీ ఓడల్లో తప్పనిసరి ఫార్మల్ నైట్ అనేదే లేదు. సెలెబ్రిటీ వాళ్లు 2015లో ఫార్మల్ నైట్ తీసేసి 'ఈవినింగ్ చిక్' అని పెట్టారు. అంటే కోటు ఉంటే మంచిదే, లేకపోయినా ఇబ్బంది లేదు. కార్నివాల్ వాళ్లు 'ఎలిగెంట్' అంటారు. పేర్లు చూసి బెదరకండి. కంపెనీ వెబ్‌సైట్‌లో ప్రయాణికుల ప్రశ్నల పేజీలో బట్టల గురించి విడిగా రాసి ఉంటుంది, దాన్ని ఒకసారి చదివితే సగం సందేహాలు తీరతాయి.

ఎన్ని రాత్రులకి సిద్ధపడాలో కూడా అక్కడే తెలుస్తుంది. మామూలుగా నాలుగైదు రాత్రుల ప్రయాణంలో ఒక ఫార్మల్ నైట్, వారం ప్రయాణంలో రెండు ఉంటాయి. అవి ఎక్కువగా ఓడ ఏ రేవులోనూ ఆగకుండా రోజంతా సముద్రం మీదే ఉన్న రోజున పెడతారు. మొదటి రాత్రి, చివరి రాత్రి దాదాపుగా ఎక్కడా ఫార్మల్ ఉండదు. కారణం సామాన్లు, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక బావగారి ప్రశ్న. కోటు లేనంత మాత్రాన పస్తుండాల్సిన పని లేదు. ఆ రాత్రి కూడా బఫే హాలు మామూలుగానే నడుస్తుంది. నిక్కరు, స్లిప్పర్లు, చేతుల్లేని బనీను, తలమీద టోపీ, వీటితో పెద్ద డైనింగ్ హాల్లోకి రానివ్వరు. ఆపితే ఎక్కువగా ఆపేది వీటికే.

2. టక్సీడో కొనకండి

ఇది నా ఖచ్చితమైన అభిప్రాయం. మన పట్టుకి బరంపురం పేరు వచ్చినట్టే, ఆ కోటుకి న్యూయార్క్ దగ్గరున్న టక్సీడో పార్క్ అనే ఊరి పేరు వచ్చింది. 1880ల్లో అక్కడి క్లబ్బులో జనం దాన్ని వేసుకోవడం మొదలుపెట్టారు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ ఓడ దిగాక మన ఊళ్లో దాన్ని ఎక్కడికి వేసుకెళ్తారు? మిలమిలలాడే ఆ సిల్కు కాలరు చూసి బ్యాండు మేళం వాడనుకుంటారు.

ముదురు నీలం గానీ బొగ్గు రంగు గానీ మామూలు సూటు ఒకటి చాలు. లోపల తెల్ల ఫుల్‌హ్యాండ్ చొక్కా, సాదా టై. కొడుకు పెళ్లి రిసెప్షన్‌కి కుట్టించిన సూటు ఉంటే అదే పట్టుకెళ్లండి, జరీ పని, రాళ్లు మెరిసేది మాత్రం వద్దు. టై గొంతు నొక్కేస్తుందనేవాళ్లకి జోధ్‌పురి కోటు, అంటే బంద్‌గలా, బాగా కుదురుతుంది. మెడదాకా బొత్తాలుంటాయి కాబట్టి టై అక్కర్లేదు. మన దేశంలో ప్రభుత్వ విందులకీ వేసుకునే కోటు ఇది. యాభై దాటి కాస్త బొజ్జ ఉన్నవాళ్లకి సూటు కంటే ఇదే నప్పుతుందని కత్తెర పట్టినవాడిగా చెబుతున్నాను.

"ఈ ఉక్కలో కోటా?" అనకండి. డైనింగ్ హాల్లో ఏసీ గట్టిగా ఉంటుంది. తమాషా ఏమిటంటే బయట డెక్ మీద చెమటలు కారుతుంటాయి, లోపల భుజాలు వణుకుతుంటాయి.

3. జోడా కట్టుకోవచ్చా?

మా ఊరివాళ్లు సిగ్గుపడుతూ అడిగే ప్రశ్న ఇది. సిగ్గెందుకు? జోడా అంటే తెలియనివాళ్లకి: బరంపురం పట్టులో ఆడవాళ్లకి చీర నేసినట్టే మగవాళ్లకి పంచె, ఉత్తరీయం కలిపి నేస్తారు, దాన్నే జోడా అంటారు. పెళ్లిళ్లలో, పూజల్లో కడతాం. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా చీరకి ఒక్కదానికే కాదు, చీరకీ జోడాకీ కలిపే ఇచ్చారు. నేసేది ఎక్కువగా దేవాంగులు, వాళ్లని ఒడియావాళ్లు డేరాలంటారు. మా ఊరి ఠాకురాణి జాత్రలో అమ్మవారిని తెచ్చి నిలిపేది వాళ్ల దేశిబెహెరా వీధిలోనే.

చాలా ఓడల్లో జాతీయ దుస్తుల్ని ఫార్మల్‌గానే లెక్కిస్తారు. క్యూనార్డ్ వాళ్లయితే ఆ మాట నియమాల్లోనే రాశారు. మీ ఓడ సంగతి అనుమానంగా ఉంటే ముందే కంపెనీకి మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు ఫోన్‌లో దాచుకోండి. తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాడికి పంచె అంటే తెలియకపోవచ్చు.

కడితే మాత్రం పెళ్లిలో కట్టినంత శ్రద్ధగా కట్టాలి. ఓడ కొంచెం ఊగుతుంది, మెట్లు ఉంటాయి. గోచీ పోసి కట్టండి, లోపల సన్నటి బెల్టు పెట్టండి, కుచ్చెళ్లు చీలమండ దాటి నేలమీద పడకూడదు. పైన ఉత్తరీయం ఒక్కటే కాకుండా పట్టు గానీ లినెన్ గానీ కుర్తా, వీలుంటే దానిమీద బంద్‌గలా. ఉత్తరీయాన్ని భుజం దగ్గర పిన్నుతో కుట్టేయండి, లేదంటే సూపులో మునుగుతుంది. కాళ్లకి మోజ్రీలు, అంటే ముందువైపు మూసి ఉండే తోలు జోళ్లు. పట్టు జోడా కింద రబ్బరు చెప్పులు వేసుకుంటే మొత్తం పాడవుతుంది.

జోడా కట్టడం అలవాటు లేనివాళ్లు ఓడలో మొదటిసారి ప్రయత్నించకండి. సూటే నయం.

4. నెల ముందే అద్దం ముందు నిలబడండి

సూటు ధరతో పని లేదు, ఒంటికి సరిపోయిందా లేదా అన్నదే ముఖ్యం. అల్మరాలోంచి తీసి వేసుకుని చూడండి. భుజం కుట్టు మీ భుజం చివరే ఆగాలి, చేతి మీదకి జారకూడదు. బొత్తం పెడితే పొట్ట దగ్గర గుడ్డ ఇంటూ గుర్తులా లాగకూడదు. చెయ్యి కిందికి వదిలితే కోటు అంచు దాటి చొక్కా కఫ్ అరంగుళం కనిపించాలి. ప్యాంటు బూటు మీద ఒక్క మడత పడితే చాలు. నడుము బిగుతైతే టైలరు రెండంగుళాలు వదలగలడు. భుజాలు మాత్రం సరిచేయడం కష్టం, అక్కడ తేడా వస్తే వేరే కోటు చూసుకోవడమే. పెళ్లిళ్ల రోజుల్లో మా వైపు టైలర్లకి ఊపిరాడదు, నెల రోజులు చేతిలో ఉంచుకుని ఇవ్వండి.

కొత్త కోటైతే ఇంకొకటి. వెనక చీలికని ఇంటూ ఆకారంలో దారంతో కుట్టి ఉంచుతారు, చేతి మీద కంపెనీ పట్టీ ఉంటుంది. రెండూ తీసేయడానికే ఉన్నాయి. పట్టీతో సహా తిరిగే పెద్దమనుషుల్ని పెళ్లిళ్లలో లెక్కలేనంతమందిని చూశాను. కలరా ఉండల వాసన పోవడానికి వారం ముందే తీసి నీడలో, గాలి తగిలేచోట ఆరేయండి. సముద్రపు తేమకి కాలరు కింద బూజు పట్టి ఉంటుంది, మెత్తటి బ్రష్షుతో దులపండి.

5. బూట్లు

నల్ల లెదర్ బూట్లు, బెల్టూ నలుపే. సాక్సు ముదురురంగు, కూర్చున్నప్పుడు పిక్క కనిపించనంత పొడవు.

నా మొదటి ప్రయాణంలో పెళ్లినాటి బూట్లు తీసుకెళ్లాను. అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి, పైన మెరుపు తగ్గలేదు. లిఫ్టు దిగి హాలు దాకా నడిచేసరికి తివాచీ మీద నా వెనకాలే నల్లటి ముక్కలు రాలుతున్నాయి. సోలు పొడైపోయింది! కొన్ని బూట్ల పాలీయురేథేన్ సోలు వాడకుండా ఏళ్ల తరబడి ఉంచితే గాల్లో తేమకి లోపల్లోపలే విరిగిపోతుందని తర్వాత తెలిసింది. మాలాంటి తీరప్రాంతంలో చెప్పనే అక్కర్లేదు. ఆ రాత్రి బఫేలో తిన్నాను. మీరు మాత్రం పాత బూట్లు వేసుకుని ఇంట్లోనే ఒక గంట నడిచి చూడండి.

6. సర్దుకోవడం

ఇస్త్రీపెట్టె తీసుకెళ్లకండి. చిన్నదైనా, ఆవిరిదైనా, నిప్పు భయంతో చాలా ఓడల్లో నిషేధం. తనిఖీలో తీసి పక్కన పెట్టి దిగేటప్పుడు ఇస్తారు. కొన్ని ఓడల్లో లాండ్రీ గది ఉండి అందులో ఇస్త్రీ ఉంటుంది, అన్నిటిలో ఉండదు. అందుకని కోటుని లోపలివైపు బయటికి తిప్పి, ఒక భుజంలోకి రెండో భుజం దూర్చి, మధ్యలో మెత్తటి తువ్వాలు పెట్టి మడవండి. గదిలోకి వెళ్లగానే హ్యాంగర్‌కి తగిలించండి. ముడతలు మిగిలితే బాత్రూంలో వేలాడదీసి పది నిమిషాలు వేణ్నీళ్ల షవర్ వదిలితే ఆ ఆవిరికి చాలావరకు సర్దుకుంటాయి.

పెద్ద సూట్‌కేసు రేవులోనే తీసుకుంటారు, అది మీ గదికి చేరడానికి గంటలు పట్టవచ్చు. కాబట్టి ఆ సాయంత్రానికి ఒక ప్యాంటు, కాలరున్న చొక్కా, మందులు చేతిసంచిలోనే ఉంచుకోండి.

7. ఆ సాయంత్రం

ఆ రోజు కార్యక్రమాల కాగితంలోనో, ఓడ యాప్‌లోనో దుస్తుల నియమం, భోజనం వేళ మరోసారి చూసుకోండి. మొదటి బంతి ఆరు ప్రాంతంలోనే కూర్చోబెడతారు. మనం టీ తాగే వేళ. తొమ్మిదింటికి తినే అలవాటున్నవాళ్లు బుక్ చేసేటప్పుడే రెండో బంతి అడగండి.

రెండు బొత్తాల కోటుకి పైది ఒక్కటే పెట్టాలి, కూర్చోగానే దాన్నీ విప్పేయాలి. టై కొస బెల్టు బకిల్ దాకా రావాలి. సెంటు ఒక్క చుక్క చాలు, మూసి ఉన్న ఏసీ హాలు అది. తిన్నాక గదికి వెళ్లి హాయిగా లుంగీలోకి మారిపోండి. కానీ తలుపు దాటకండి.

ఈ చివరి ముక్క బావగారికి ఎన్నిసార్లు చెప్పానో! ఫార్మల్ నైట్ ఆయనకి బ్రహ్మాండంగా జరిగింది. పసుపు అంచు జోడా మీద తెల్ల బంద్‌గలా వేసుకుంటే, పక్క టేబుల్ వాళ్లు వచ్చి మరీ ఫోటో దిగారట. ఆఖరి రాత్రి మాత్రం సామాన్లన్నీ గది బయట పెట్టాలన్నారు. చాలా ఓడల్లో అంతే, రాత్రికి రాత్రే కిందికి చేరవేస్తారు. మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు గదిలో అట్టేపెట్టుకోవాలని ఈయనకి తట్టలేదు. జోడా, కోటు, ప్యాంట్లతో సహా చక్కగా సర్ది, తాళం వేసి బయట పెట్టేశారు.

మర్నాడు పొద్దున సింగపూర్ రేవులో, ఇమిగ్రేషన్ వరసలో, నీలం గళ్ల లుంగీతో నిలబడ్డ ఫోటో మా మేనల్లుడు ఇంటి గ్రూపులో పెట్టాడు.