డక్టబుల్ ఏసీకి కొత్త థర్మోస్టాట్ పెట్టేముందు

విజయవాడలో బట్టల షాపులకు, చిన్న క్లినిక్‌లకు ఏసీ పని చేస్తుంటాను. డక్టబుల్ అంటే సీలింగు పైన డక్టుల్లోంచి చల్లగాలి పంపి, గ్రిల్స్ ద్వారా హాల్లోకి వదిలే ఏసీ. పోయిన వేసవిలో ఒక ఓనరు గారు "చల్లదనం రావట్లేదు, మిషనే మార్చేద్దామండీ" అన్నారు. వెళ్ళి చూస్తే థర్మోస్టాట్, అంటే గది వేడిని చూసి కంప్రెసర్‌ని ఆపి నడిపే గోడ మీది కంట్రోల్, సరిగ్గా గ్రిల్ కిందే ఉంది. చల్లగాలంతా దాని మీదే పడుతోంది. హాలు ఉడికిపోతున్నా కంప్రెసర్ ఆగిపోతోంది.

అందుకే ముందు చోటు చూడండి. సుమారు ఐదడుగుల ఎత్తులో, ఎండ పడని గోడకి, తలుపుకీ గ్రిల్‌కీ దూరంగా ఉండాలి. వెనక వైరు వచ్చే రంధ్రాన్ని పుట్టీతో మూసేయండి. అందులోంచి వచ్చే వేడిగాలి కూడా సెన్సర్‌ని మోసం చేస్తుంది. ఇది చాలామంది వదిలేస్తారు.

థర్మోస్టాట్ వైర్లలో వచ్చే కంట్రోల్ వోల్టేజి 24 వోల్టులు ఉండొచ్చు, 230 ఉండొచ్చు. కొత్తది కొనకముందే ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించండి. విప్పేటప్పుడు ఏసీకి కరెంటిచ్చే ఎంసీబీ స్విచ్ ఆపి, కరెంటు లేదని చూసుకుని, వైర్లకి ఫొటో తీయండి. రంగుల్ని నమ్మొద్దు.

సెట్టింగు 24 లేదా 25 డిగ్రీలు. కంప్రెసర్‌కి మూడు నిమిషాల డిలే, అంటే ఆగాక మళ్ళీ మొదలవ్వడానికి ఆ గ్యాప్ పెట్టండి. షాపు తెరిచే అరగంట ముందు ఆన్ అయ్యేలా టైమరు పెట్టండి. చివరగా కీప్యాడ్ లాక్ చేయండి, లేదంటే చెమటతో వచ్చిన ప్రతివాళ్ళూ 18కి తిప్పేస్తారు. 18 పెట్టినంత మాత్రాన ఆ మిషను తొందరగా చల్లబరచదు, ఆగకుండా తిరుగుతుందంతే.