బ్యాక్‌గామన్ నేర్చుకుందాం – 5: పందెం పెంచే క్యూబ్

కాయలు నడపడం, కొట్టడం, బయటికి తీయడం అయ్యాయి. ఇక పందెం రెట్టింపు చేయడం.

డబ్లింగ్ క్యూబ్ ఆరు ముఖాల మీద 2, 4, 8, 16, 32, 64 ఉంటాయి. దాన్ని దొర్లించరు, తిప్పి పెడతారంతే. 1 అనే ముఖం లేదు కాబట్టి మొదట్లో 64 పైకి ఉండేలా మధ్యలో పెడతారు. అప్పటికి పందెం 1.

మీ వంతులో, పాచికలు వేయకముందే, క్యూబ్‌ను 2కి తిప్పి అవతలివారి ముందు పెట్టాలి. వేశాక గుర్తొస్తే మళ్లీ మీ వంతు దాకా ఆగాల్సిందే. వాళ్లు వదిలేస్తే ఆట అక్కడితో సరి, మీకు 1 వస్తుంది. తీసుకుంటే ఆట 2కి సాగుతుంది, క్యూబ్ వాళ్లదవుతుంది. తర్వాత 4కి పెంచే హక్కు వాళ్లకే, మీకుండదు. కొత్తవాళ్లు పట్టించుకోనిది దీన్నే.

ఓడేలా ఉన్నవాళ్లు తీసుకోవడం దేనికి? లెక్క చూడండి. ఒకే స్థితి నాలుగుసార్లు వచ్చిందనుకుందాం. ప్రతిసారీ వదిలేస్తే 4 పోతాయి. తీసుకుని మూడు ఓడి ఒకటి గెలిస్తే 6 పోయి 2 వస్తాయి, నికరంగా పోయేది అదే 4. అంటే గెలుపు అవకాశం 25 శాతం దాటితే తీసుకోవడమే లాభం. క్యూబ్ చేతిలో ఉండటానికీ విలువుంది కాబట్టి, ఆట ఇంకా మిగిలి ఉంటే అంతకన్నా కాస్త తక్కువైనా చాలు. గామన్‌గా (ఒక్క కాయ కూడా బయటికి తీయకముందే, రెండింతల పందేనికి) ఓడే ప్రమాదముంటే మాత్రం ఎక్కువే కావాలి, అప్పుడు పోయేది 2 కాదు, 4.

ఆట చివర ఇది కచ్చితంగా తేలుతుంది. మీకు రెండే కాయలు, ఐదో గడిలో ఒకటి, రెండో గడిలో ఒకటి. అవతలివారికి ఒకటో గడిలో ఒక్కటే. మీకిదే ఆఖరి అవకాశం. రెండు పాచికలు పడే 36 తీర్లలో 19 రెండింటినీ తీస్తాయి. సగం దాటింది, రెట్టించండి. వాళ్లకు 17 ఉన్నాయి, తీసుకోవాలి. అదే కాయలు నాలుగు, ఒకటి గడుల్లో ఉంటే మీకు 29, వాళ్లకు 7. ఇరవై శాతం కూడా లేదు, వదిలేయాలి.

కాయలు ఒకదాన్నొకటి దాటేసి, పరుగు ఇంకా పొడుగున్నప్పుడు పిప్‌లు (కాయలన్నీ బయటపడటానికి నడవాల్సిన మొత్తం గడులు) లెక్కపెట్టండి. మీకు 100 మిగిలితే, అవతల 108 ఉన్నప్పుడు మొదటి రెట్టింపు, 109 ఉంటే మళ్లీ రెట్టింపు. 112 దాకా వాళ్లు తీసుకోవచ్చు. ఉజ్జాయింపే అయినా బోర్డు ముందు బాగా పనికొస్తుంది.

ఎక్కువమంది చేసే తప్పు ఆలస్యం. గెలుపు ఖాయమయ్యేదాకా ఆగితే వాళ్లు హాయిగా వదిలేస్తారు, మీకు దక్కేది 1. తర్వాతి పాచికల్లో చాలావాటికి వాళ్లు వదిలేసే స్థితి వచ్చేలా ఉంటే ఇప్పుడే తిప్పాలి. గామన్ దాదాపు చేతికి అందితే మాత్రం తిప్పకుండా ఆడండి. అయితే జాకోబీ నియమం పెట్టుకుంటే, క్యూబ్ తిరగని ఆటలో గామన్‌కు కూడా 1 మాత్రమే.

సాధన: పై స్థితిలోనే మీ కాయలు ఆరు, ఒకటి గడుల్లో ఉన్నాయి. 36 పాచికలూ రాసి లెక్కపెట్టండి. రెట్టించవచ్చా? జవాబు ఆరో పాఠంలో.