కోడి కుంటుతుంటే ముందు కాలు తిప్పి చూడండి

ఇంట్లో కోడి కుంటుతోందని ఎవరికి చెప్పినా వచ్చే మొదటి సలహా మసాలా నూరమని. రెండోది దాణా కొట్టులో ఇచ్చే మందుపొడి, నీళ్లలో కలిపి పోసెయ్యమని. ఈ రెండూ కాకుండా అసలు దానికి ఏమైందో చూద్దాం అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

నాకు బుద్ధి ఎలా వచ్చిందో చెప్తా. హైదరాబాద్ శివార్లలో ఇల్లు, పెరట్లో ఐదు నాటు పెట్టలు, ఒక పుంజు. సంక్రాంతి వెళ్లిన పది రోజులకు మా ఎర్రపెట్ట ఎడమ కాలు ఎత్తిపట్టి నిలబడటం మొదలుపెట్టింది. గోడ మీంచి దూకినప్పుడు బెణికి ఉంటుందిలే అని రెండు రోజులు వదిలేశా. పక్కింటి పిన్ని "ఏమ్మా, ఇంకా దాన్ని చూస్తూ కూర్చున్నావా, ఆదివారానికి చిక్కి సగమైపోద్ది" అంది. మూడో రోజు రాత్రి పట్టుకుని టార్చి వేసి చూస్తే నడిమి వేలు రేగిపండులా ఉబ్బి ఉంది, వేలి మొదట్లో సన్నటి గీత. తీరా చూస్తే అది గాలిపటం దారం. మూడు నాలుగు చుట్లు తిరిగి చర్మంలోకి దిగిపోయింది, పైకి కనపడటం లేదు. గోరువెచ్చని నీళ్లలో కాలు నానబెట్టి, మొన తేలిన చిన్న కత్తెరతో ఒక్కో చుట్టూ తెంపేసరికి అరగంట పట్టింది. వేలి చివర అప్పటికే నల్లబడిపోయింది, తర్వాత ఎండి రాలిపోయింది. మొదటి రోజే చూసి ఉంటే ఆ వేలు దక్కేది. దారాలు, దువ్వెన దగ్గర రాలిన వెంట్రుకలు, గోనెసంచి పోగులు కోడి కాళ్లకు చుట్టుకోవడం మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. కాబట్టి మందు సంగతి తర్వాత, ముందు వేళ్ల సందులు చూడండి.

పట్టుకోవడానికి పగలు తరమకండి, అసలే కుంటుతున్నదాన్ని పెరడంతా పరిగెత్తిస్తే ఉన్న నొప్పి ఇంకాస్త ముదురుతుంది. చీకటి పడ్డాక గూట్లో మునగదీసుకుని కూర్చున్నప్పుడు రెక్కలు రెండూ ఒంటికి అదిమి ఎత్తితే కిక్కురుమనదు. పాత తువ్వాలులో చుట్టి తల బయటికి ఉంచండి. రొమ్ము దగ్గర మాత్రం బిగించకూడదు, ఎందుకంటే కోడి ఊపిరి పీల్చాలంటే రొమ్ము ఎముక కదలాలి, అది ఆగితే ఊపిరి ఆగినట్టే. ఎక్కువసేపు వెల్లకిలా పెట్టడమూ వద్దు.

ఇక చూసేటప్పుడు కింద నుంచి పైకి రండి. అరికాలు, వేళ్ల సందులు, గోళ్లు, తర్వాత కాలి పొలుసులు, కీళ్లు. రెండు కాళ్లూ ఒకేసారి రెండు చేతులతో పట్టుకుంటే ఏది వేడిగా ఉందో, ఏది వాచిందో వెంటనే తెలుస్తుంది. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది, కాబట్టి ముట్టుకోగానే జ్వరం అని కంగారు పడొద్దు, ఒక కాలికీ ఇంకో కాలికీ తేడా చూడండి. తర్వాత రొమ్ము ఎముక తడమండి. అది కత్తి అంచులా తగిలితే జబ్బు నిన్నా మొన్నటిది కాదు, చాలా రోజులుగా తిండి ఒంటికి పట్టడం లేదని అర్థం. మెడ కింద మేత నిలిచే సంచి పొద్దున్నే, మేత వేయకముందు ఖాళీగా ఉండాలి. అప్పటికీ గట్టిగానో, నీళ్ల బెలూన్‌లానో ఉంటే లోపల అరుగుదల ఆగిపోయింది.

అరికాలి మధ్యలో నల్లటి పెచ్చు, చుట్టూ వాపు ఉంటే దాన్ని బంబుల్‌ఫుట్ అంటారు. ముల్లో గాజుపెంకో గుచ్చుకుని, లేదా ఎత్తు మీంచి గట్టి నేల మీదకి దూకీ దూకీ, చిన్న గాయమై చీము పడుతుంది. వనరాజా లాంటి బరువు కోళ్లు రాత్రికి చెట్టెక్కి పొద్దున్నే దభీమని దూకుతుంటే ఇది రాక మానదు. గోరువెచ్చని నీళ్లలో ఉప్పు వేసి పది పదిహేను నిమిషాలు కాలు పెట్టించండి, నిజం చెప్పాలంటే ఐదు నిమిషాలకే చాలా కోళ్లు కళ్లు మూసి కునుకు తీస్తాయి. తుడిచి ఆరాక బీటాడిన్ రాసి, గాజుగుడ్డ పెట్టి, వేళ్ల మధ్య నుంచి తిప్పి కట్టు కట్టి, రోజూ మార్చండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి, ఆ చీములో ఉండే స్టాఫ్ బ్యాక్టీరియా మన గాయాలకూ అంటుకుంటుంది. యూట్యూబ్‌లో చూసి బ్లేడుతో కోసేయడం మాత్రం దయచేసి వద్దు. లోతుగా గడ్డకట్టిన చీము తీయడం డాక్టర్ పని. పడుకునే కర్రని నేలకి అడుగున్నర ఎత్తులోకి దించి, అంచులు గుండ్రంగా చెక్కితే మళ్లీ వచ్చే అవకాశం తగ్గుతుంది.

కాలి పొలుసులు పైకి లేచి, తెల్లగా సున్నం పట్టినట్టు ఉంటే కింద పురుగు చేరింది. కొబ్బరినూనె గానీ వాజెలిన్ గానీ దట్టంగా పట్టిస్తే దానికి గాలాడక చస్తుంది, రెండు మూడు వారాల పాటు వదలకుండా రాయాలి. మా ఊళ్లో కిరసనాయిలు రాసేవాళ్లు, అది చర్మాన్ని కాలుస్తుంది. బెణుకులకు సున్నం బెల్లం పట్టు కూడా అంతే, మనిషి కాలికి వేసుకుంటారేమో గానీ కోడి ఆ పట్టుని పొడుచుకుని తినేస్తుంది.

ఎముక విరిగితే కాలు పక్కకి వేలాడుతుంది. పొలుసులున్న భాగంలో, చర్మం తెగకుండా విరిగితే దూది చుట్టి, రెండు ఐస్‌క్రీం పుల్లలు ఆనించి టేపు వేయొచ్చు, మూడు నాలుగు వారాలకు అతుకుతుంది. కట్టు కింద వేళ్లు చల్లబడినా రంగు మారినా వెంటనే వదులు చేయాలి. తొడ ఎముకైనా, ఎముక బయటికి పొడుచుకొచ్చినా ఇంట్లో ప్రయోగాలు చేయకండి.

కాలు నిక్షేపంగా ఉండి కూడా కోడి కుంటినట్టు నడుస్తుందంటే గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు. తోక వాల్చి, నిటారుగా, పెంగ్విన్ బొమ్మలా నిలబడుతుంది, ఊరికే గూట్లోకి వెళ్లి ముక్కుతుంది, ఏమీ పెట్టకుండా బయటికొస్తుంది. నడుము మునిగేలా గోరువెచ్చని నీళ్ల టబ్బులో ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, ఒళ్లు ఆరబెట్టి, చీకటి గదిలో వదలండి. పొట్ట నొక్కొద్దు, లోపల గుడ్డు పగిలితే కోడి దక్కడం కష్టం. ఆ రోజు దాటినా గుడ్డు రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఒక్కో గుడ్డు పెంకుకి సుమారు 2 గ్రాముల కాల్షియం పోతుంది, నూకలూ అన్నం మాత్రమే తినే పెట్టకి అది ఎముకల్లోంచే కరగాలి. ఆల్చిప్పల పొడి గానీ, ఎండబెట్టి దంచిన గుడ్డు పెంకులు గానీ ఎప్పుడూ ఒక చిప్పలో విడిగా పెట్టి ఉంచండి, కావాల్సినంత అవే తింటాయి.

ఇవేవీ కాకపోతే భయపడాల్సిన రెండు జబ్బులున్నాయి. రెండు నుంచి ఆరు నెలల వయసు పిల్ల ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ చాపి పడిపోతే మారెక్స్ కావచ్చు. వైరస్, మందు లేదు. టీకా పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చిన రోజే వేయాలి, ఇంట్లో పెట్ట కింద పొదిగిన పిల్లలకి మనమెవరం వేయించం. రెండోది మన కొక్కెర తెగులు. ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి గురగురమని ఊపిరి, కాళ్లు చచ్చుబడటం, మెడ మెలి తిరిగిపోవడం. దీన్నే రాణిఖేత్ అంటారు, ఉత్తరాఖండ్‌లో ఆ ఊరి దగ్గర గుర్తించినందుకు పాపం ఆ పేరు అంటగట్టారు. దీనికీ మందు లేదు గానీ టీకా ఉంది. వారం వయసులో కంట్లో లసోటా చుక్క, ఎనిమిదో వారంలో రెక్క దగ్గర ఆర్‌టుబి సూది. టీకా సీసా ఐసులో రాకపోతే వేసినా దండగే, తెచ్చేటప్పుడు ఫ్లాస్కు తీసుకెళ్లండి.

ఒకటి కాదు, రెండు మూడు కోళ్లు ఒకేసారి వాలిపోయి చనిపోతుంటే ఈ వైద్యాలన్నీ ఆపేయండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో, అంతకు ముందు ఏడాది నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి గుర్తుండే ఉంటుంది. కోయకండి, కాలవలో పారేయకండి, ఒట్టి చేతులతో ముట్టుకోకండి. ముందు పశువైద్యశాలకి కబురు చేయండి.

అసలు సేవ సంగతి. జబ్బు కోడిని వేరు చేయాలి, తోటివే దాన్ని పొడిచి చంపుతాయి. జబ్బు అంటుకునేది కాకపోతే వాటికి కనిపించేంత దూరంలోనే పెట్టండి, ఒంటరిదైతే మేత మానేస్తుంది. పెద్ద అట్టపెట్టెలో పొట్టు గానీ పాత బట్టలు గానీ పరిచి, చలికాలమైతే ఒక మూల పాతకాలపు 60 వాట్ల బల్బు వేలాడదీయండి, రెండో మూల చల్లగా వదలండి, ఎక్కడ కూర్చోవాలో దానికి తెలుసు. మే నెలలో అయితే లెక్క తిరగబడుతుంది, నీడ, తడి గోనెపట్టా. ముందు నీళ్లు, తర్వాతే మేత. ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్లు ముక్కు పక్కన ఒక్కో చుక్క పెడితే అదే చప్పరించి మింగుతుంది. నోరు తెరిచి సిరంజితో పోస్తే నాలుక మొదట్లో ఉన్న గాలిదారిలోకి పోతుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లో పడి చచ్చిపోయిన కోళ్లు తక్కువేం కాదు. నానబెట్టిన నూకలు, చిదిమిన ఉడికిన గుడ్డు, మెత్తగా తడిపిన దాణా కొంచెం కొంచెంగా రోజుకి నాలుగైదు సార్లు పెట్టండి.

నిలబడలేని కోడికి ఊయల కట్టాలి. ప్లాస్టిక్ స్టూలు తిరగేసి, నాలుగు కాళ్లకి పాత లుంగీ ముక్క బిగించి, కోడి కాళ్లు దూరేలా రెండు చిల్లులు, రెట్ట పడేందుకు వెనక ఒకటి. పాదాలు నేలకి ఆనీ ఆననట్టు ఉండాలి. గంట ఉంచి తీయండి, మళ్లీ సాయంత్రం ఒక గంట. మొదటిరోజు గింజుకుంటుంది, మేత గిన్నె ముక్కు ముందు పెడితే మర్చిపోతుంది. నేల మీదే పడి ఉంటే రొమ్ము పుండు పడుతుంది, వెనకభాగం రెట్టతో తడిసి వానాకాలంలో ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడతాయి. అందుకే రోజూ వెనక కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి.

మనుషుల నొప్పి మాత్రలు ముక్కలు చేసి వేయకండి. కొట్లో ఇచ్చే యాంటీబయాటిక్ పొడి బెణుక్కీ దారానికీ చేసేదేమీ ఉండదు, పైగా వాడినన్ని రోజులూ, ఆ తర్వాత డాక్టర్ చెప్పినన్ని రోజులూ ఆ గుడ్లు తినకూడదు. రెండు రాష్ట్రాల్లోనూ 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్యం గురించి చెప్తారు. ఒక్క కోడి కోసం ఆసుపత్రికి వెళ్తే నవ్వుతారు, నన్ను చూసీ నవ్వారు, గేదెల వెనకాల వరుసలో నిలబెట్టారు. నిలబడండి, పోయేదేం లేదు. మూడు రోజులైనా కాలు మోపకపోతే వెళ్లండి. మేత పూర్తిగా మానేసినా, నోరు తెరిచి రొప్పుతున్నా అదే రోజు వెళ్లండి. తినకుండా, లేవకుండా, రోజురోజుకీ ఎముకలు తేలుతుంటే బాధ తగ్గించే దారి కూడా డాక్టర్‌నే అడగండి, అది అడగడానికి సిగ్గుపడకండి.

కోలుకున్నదాన్ని మందలో కలపడం ఇంకో తలనొప్పి. రెండు వారాలు కనపడకపోతే మిగతావాటికి అది కొత్త కోడే. రాత్రి గూట్లో మిగతావి నిద్రపోయాక మధ్యలో కూర్చోబెట్టి, తెల్లారి తలుపు తీసేటప్పుడు మీరు అక్కడే ఉండండి, మొదటి అరగంటే గొడవ. ఒకటి రెండు పోట్లు పొడిస్తే వదిలేయండి, రక్తం కనపడితే తీసేయండి. మేత రెండు గిన్నెల్లో పెట్టండి, రెండోది మూల మీద, పుంజుకి కనపడని చోట.