వాకిట్లో పక్షులు – మూడో పాఠం: చలికాలం గింజలు, నీళ్ళు

పోయిన పాఠంలో పిచ్చుక, గోరింక, కాకి మూడింటినీ కొలబద్దలుగా పెట్టుకున్నాం. కొత్త పిట్ట కనబడగానే "పిచ్చుకంత ఉందా, గోరింకంత ఉందా?" అని చూడటం ఈపాటికి అలవాటై ఉంటుంది. ఇప్పుడు వాటిని మన కంటి ముందుకు రప్పించే పని చూద్దాం.

చలికాలంలో పక్షులకు తిండి పెట్టడం మీద ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు మంచు కురిసే దేశాలవి. అక్కడ నేల గడ్డకడుతుంది, పురుగూ గింజా దొరకవు, రాత్రి చలికి ఒంట్లో ఉన్న కాస్త కొవ్వూ ఖర్చయిపోయి చిన్న పిట్టలు చచ్చిపోతాయి. అందుకే వాళ్ళు కొవ్వు ముద్దలు వేలాడదీస్తారు. విశాఖలో జనవరి తెల్లవారుజామున కూడా మామూలుగా 17, 18 డిగ్రీలు ఉంటుంది. మనం స్వెట్టర్లు తీస్తాం గానీ పిచ్చుకకు అదో లెక్క కాదు. పైగా చుట్టుపక్కల పల్లెల్లో అది వరి కోతల కాలం, గింజకు కరువే లేదు. కాబట్టి మనం పెట్టేది వాటిని బతికించడానికి కాదు, చూసుకోవడానికి. ఇది గుర్తుంటే ఎంత పెట్టాలన్న అనుమానం రాదు: గుప్పెడు.

గింజల్లో నా ఓటు వరికంకుల కుచ్చుకే. అనకాపల్లి, చోడవరం వైపు చుట్టాలుంటే సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒకటి తెమ్మనండి. వసారాలో గాలికి ఊగేలా కట్టండి. పిచ్చుక కంకిని పట్టుకుని వేలాడుతూ గింజ లాక్కుంటుంది, పావురం అంత బరువుతో ఆ పని చెయ్యలేదు. అపార్ట్‌మెంట్లలో ఇదే పెద్ద సుఖం. బాల్కనీ గట్టు మీద బియ్యం పోశారంటే వారం తిరిగేసరికి పావురాలు తప్ప ఇంకేమీ రావు. వాటి రెట్ట ఎండి దుమ్మై గాల్లో కలిస్తే కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. పక్కింటివాళ్ళతో తగువు సరేసరి. కుచ్చు దొరక్కపోతే కొర్రలు, నూకలు చిన్న పళ్ళెంలో పొద్దున్నే వేసి, పదింటికల్లా మిగిలింది తీసెయ్యండి. రాత్రి వదిలేస్తే ఎలుకలొస్తాయి. సముద్రపు గాలి తేమకు గింజ త్వరగా బూజు పడుతుంది, అందులోనూ వేరుశెనగ. బూజు పట్టిన పప్పులో విషం ఉంటుంది, పచ్చివైనా ఆరు బయట వదలొద్దు. ఉప్పు తగిలిన అన్నం, మిక్చర్, బిస్కెట్లు అసలు వద్దు. ధనుర్మాసంలో బియ్యప్పిండితో ముగ్గు వేస్తే చీమలకూ పిట్టలకూ కాస్త దక్కుతుంది. బజారు ముగ్గుపిండి రాతి పొడి, అది తిండి కాదు.

ఇక నీళ్ళు. డిసెంబరు నుంచి మనకు వానలు దాదాపు ఉండవు, అందుకే గింజకు రాని పిట్ట కూడా నీళ్ళకు వస్తుంది. వెడల్పాటి మట్టి మూకుడు తీసుకోండి. గాజు, స్టీలు అయితే కాళ్ళు జారతాయి. రెండు వేళ్ళ లోతుకు మించి పోయొద్దు, మధ్యలో ఒక రాయి పెట్టండి. పొదకు ఆరేడు అడుగుల దూరంలో ఉండాలి: మరీ దగ్గరైతే పిల్లి పొంచి ఉంటుంది, మరీ దూరమైతే డేగ వచ్చినప్పుడు దూరడానికి చోటుండదు. నీళ్ళు రోజూ మార్చాలి. కాకి ఎక్కడో దొరికిన ఎండు రొట్టె తెచ్చి మీ మూకుడులోనే నానబెట్టుకుంటుంది, దాన్ని తిట్టుకోకుండా కడుక్కోవడమే. డెంగ్యూ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. కానీ ఆ గుడ్లు నీటి అంచుకు పైన గోడకు అతుక్కుని, ఎండినా నెలల తరబడి బతికుంటాయి. అందుకని ఉత్త నీళ్ళు ఒంపెయ్యడం చాలదు, వారానికి రెండుసార్లు కొబ్బరి పీచుతో అంచు రుద్దాలి.

పురుగులూ తేనె తినే పిట్టలకు పళ్ళెం పనికిరాదు, వాటికి మొక్కే కావాలి. మందారం, నూరువరహాలు, మునగ, చోటుంటే సింగపూర్ చెర్రీ. పురుగుల మందు కొట్టకండి, ఆ పురుగే వాటి భోజనం.

చూడటానికి టైము తెల్లారిన మొదటి రెండు గంటలు. జనవరిలో సూర్యోదయం ఆరున్నరకు. రోజూ ఒకే కిటికీ, ఒకే కుర్చీ, ఇరవై నిమిషాలు. బైనాక్యులర్ కొనేటట్లయితే 8x42 చాలు. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. 20 రెట్లవి చేతిలో వణుకుతాయి. పేరు కోసం తొందరపడకుండా మూడు విషయాలు రాసుకోండి: వచ్చి ముందు ఎక్కడ వాలింది, ఎలా తింది, ఎవరు ఎవరిని తరిమారు. తోక కింద ఎర్రగా ఉండే పిగిలిపిట్ట నీళ్ళ దగ్గర ఎంతసేపు పెత్తనం చేస్తుందో మీకే తెలుస్తుంది.

ఈ నెల అభ్యాసం తేనెపిట్ట. ఎండల్లో నల్లగా, నీలంగా మెరిసే ఊదా తేనెపిట్ట మగది, ఈ రోజుల్లో ఆడదానిలాగే పసుపు బూడిద రంగులో ఉండొచ్చు. గొంతు నుంచి పొట్ట దాకా నిలువు నల్లగీత కనబడితే అది మగదే. ఫిబ్రవరి దాకా అదే మందారం దగ్గర కనిపెట్టుకుని ఉంటే, ఆ గీత పక్కన మెరిసే ఈకలు మచ్చలు మచ్చలుగా మొలవడం చూడొచ్చు.

కంబాలకొండ, సింహాచలం కొండల వైపు ఉండేవాళ్ళు తీగల మీదా పొదల చివర్లా కూడా చూడండి. కళ్ళకు నల్ల గంతలు కట్టినట్టుండే బ్రౌన్ ష్రైక్ సైబీరియా, మంగోలియా, చైనాల వైపు నుంచి వచ్చి ఏప్రిల్ దాకా ఉంటుంది.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, మన దేశం 2013 నుంచి అందులో ఉంది. ఒకచోట కనీసం పదిహేను నిమిషాలు చూసి, లెక్క ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైట్‌లో ఎక్కించడమే. ఇప్పటి నుంచి నోట్సు రాస్తే అప్పటికి చెయ్యి తిరుగుతుంది.

ఈలోగా పొదలోంచి రెండు గులకరాళ్ళు కొట్టినట్టు "చక్... చక్" అని వినబడి, ఎంత వెతికినా ఏమీ కనబడకపోతే, అదీ చలికాలం చుట్టమే కావచ్చు. వినబడిన టైము మాత్రం రాసి పెట్టండి. కనబడని పిట్టను చెవితో పట్టుకోవడం నాలుగో పాఠం.